ప్లాస్టిక్ నుంచి డీజిల్: యంత్రం కొనేముందు బకెట్‌లో నీళ్లు పట్టండి

ప్రశ్న: నేను రిటైరైన ఫిజికల్ సైన్సు టీచర్ని. ప్లాస్టిక్ చెత్తను వేడిచేసి డీజిల్ తీసే యంత్రం పెడదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. టన్నుకు 800 లీటర్లు వస్తుందని, చెత్త ఊరికే దొరుకుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారట. నా రిటైర్మెంటు డబ్బులో సగం అడుగుతున్నాడు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పేది అబద్ధం కాదు. విశాఖలో రిఫైనరీలో 31 ఏళ్లు పనిచేసినవాణ్ని, ఈ పద్ధతి మీద నాకు గౌరవమే ఉంది. అయినా డబ్బు తీయడానికి తొందరపడకండి.

బొగ్గుల బట్టీ మీరు చూసే ఉంటారు. కట్టెలు పేర్చి పైన మట్టి మెత్తుతారు. గాలి ఆడదు కనుక కట్టె మండి బూడిద కాదు, వేడికి విడిపోతుంది. ఇలా గాలి లేకుండా వేడితో విడగొట్టడాన్నే పైరాలిసిస్ అంటారు. మీ అబ్బాయి చెప్పే యంత్రం చేసేదీ అదే. పాలిథీన్ అణువు చాంతాడంత పొడుగు గొలుసు. గాలి చొరని రియాక్టర్‌లో 400, 500 డిగ్రీల దాకా కాగితే ఆ తాడు ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది. మరీ పొట్టి ముక్కలు గ్యాస్, మధ్యరకం నూనె, పొడుగువి మైనం. గ్యాస్‌ను మళ్లీ రియాక్టర్ కిందే మండిస్తారు. అడుగున మసిబొగ్గు మిగులుతుంది.

800 లీటర్ల లెక్క కూడా ఉత్తది కాదు. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం పరిశోధన సంస్థ (ఐఐపీ) 2019లో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి ప్రారంభించిన ప్లాంటు గురించి చెప్పిన అంకె అది. కానీ అక్కడ టన్ను అంటే ఏరి పెట్టిన పాలిథీన్, పాలీప్రొపిలీన్. డంపింగ్ యార్డు నుంచి ట్రాక్టర్‌లో వచ్చే టన్నులో వాననీళ్లు, మట్టి, అన్నం మెతుకులు కూడా తూగుతాయి.

ఒకసారి నన్ను ఒక యూనిట్ చూడమని పిలిచారు. ఎన్నికలు అయిపోయిన రోజులు. వచ్చిన సరుకు నిండా చింపిన ఫ్లెక్సీలు. ఫ్లెక్సీ పూత పీవీసీ. మిగతా ప్లాస్టిక్ ఇంకా కరుగుతూ ఉండగానే, 300 డిగ్రీల లోపే, అందులోని క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా బయటపడుతుంది. ఆవిరిని చల్లార్చి నూనెగా మార్చే కండెన్సర్ గొట్టాన్ని వేలితో నొక్కితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. యంత్రం నాసిరకమని ఓనరు కుర్రాడు అప్పటిదాకా అమ్మినవాళ్లతో పోట్లాడుతున్నాడు. అతని ముఖం నాకింకా గుర్తుంది. మీ ఉత్తరం చదవగానే అతనే కళ్ల ముందు నిలిచాడు.

నీళ్ల సీసాలది వేరే తంటా. వాటి ప్లాస్టిక్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అందుకే నూనెకు బదులు టెరెఫ్తాలిక్ ఆమ్లం వచ్చి, పొడిలా పేరుకుని గొట్టాలను మూసేస్తుంది. గొట్టం మూసుకుంటే రియాక్టర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అక్కడే ప్రాణాల మీదికి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు సరుకు దగ్గరే. మంచి నూనె ఇచ్చేవి పాల ప్యాకెట్లు, బియ్యం గోతాలు, విరిగిన బకెట్లు. వాటిని మీ కోసం చెత్తలో ఎవరూ వదిలిపెట్టరు. తెల్లవారకముందే సంచి భుజాన వేసుకుని తిరిగే ఆడవాళ్లు ఏరుకెళ్లి పాత సామాన్ల కొట్టులో వేస్తారు. కరిగించి గుళికలు పోసేవాళ్లు కొంటారు. ఆ సరుకు అలాగే పోవాలని నేనూ కోరుకుంటాను. వాళ్ల కూడు అందులో ఉంది, పైగా గొలుసు తెగకుండా ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే మిగులుతుంది. మీ యంత్రానికి మిగిలేవి చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు. ఒక్కొక్కదానిలో రెండు మూడు రకాల పొరలు, మధ్యలో అల్యూమినియం పూత.

2022లో కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో కూడా ప్లాస్టిక్ నుంచి ఇంధన నూనె తీయడాన్ని రీసైక్లింగ్‌లో కలపలేదు. సిమెంటు బట్టీల్లో వాడటం, రోడ్లలో కలపడం ఉన్న వరుసలోనే పెట్టారు. నాకు అది సబబే అనిపిస్తుంది. నూనె మండిపోయాక ఆ ప్లాస్టిక్ ఇక తిరిగి రాదు. ఆ నూనెను మండించకుండా బాగా శుద్ధిచేసి, అణువులను ఇంకా చిన్న ముక్కలు చేసే క్రాకర్ అనే కొలిమికి పంపితే మళ్లీ ప్లాస్టిక్ చేయవచ్చు గానీ, అది పెద్ద పెట్రోకెమికల్ కర్మాగారాల పని.

ఇంకో మాట. మొదట వచ్చేది డీజిల్ కాదు. పెట్రోలు నుంచి మైనం దాకా కలిసిన ముడినూనె. నిలవ ఉంచితే జిగురు కడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి బంకులో అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు, ఇంకా ఎన్నో పరీక్షలు నెగ్గాలి. ఈ నూనె మహా అయితే ఫర్నేసులకు పోతుంది. ఆ ధరతో లెక్క వేయించండి.

అబ్బాయిని నిరుత్సాహపరచకండి. మీ ఊరి చెత్తలోంచి ఒక క్వింటాలు ప్లాస్టిక్ తెప్పించండి. కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూయండి. ముక్కలు చేసి నీళ్ల బకెట్‌లో వేయండి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. నీళ్ల సీసా ముక్కలు, పీవీసీ మునుగుతాయి. మునిగిన ముక్కను ఎర్రగా కాల్చిన రాగి తీగకు అంటించి, ఆరుబయట, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు. ఆ పొగ పీల్చకండి. పదిహేను రోజులు ఇలా చేసి, క్వింటాలుకు ఎంత సరుకు తేలిందో తూచి రాసుకోండి. తేలిన సరుకు కిలోకు మీ ఊరి పాత సామాన్ల కొట్టువాడు ఎంత ఇస్తాడో అడగండి. ఆ రెండు అంకెలు నాకు రాయండి. యంత్రం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో ప్లాస్టిక్ నుంచి పెట్రోలు తీసే వీడియో చూశాను. కాలేజీ ప్రాజెక్టుకు చేయవచ్చా అండీ?
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దు తల్లీ. ఆ ఆవిరి పెట్రోలు ఆవిరి లాంటిది, కింద ఉన్నది మంట. కుక్కర్ రబ్బరు ఆ వేడికి నిలవదు. దీని బదులు ఇంట్లో పది ప్లాస్టిక్ వస్తువుల అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకాన్ని చెప్పే అంకె చూసి, పనికిరానివాటి ముక్కలు నీళ్లలో వేయి. 2, 4, 5 సాధారణంగా తేలతాయి. 1, 3 మునుగుతాయి. 6 ఉన్న గట్టి ముక్క ఒకటి, థర్మోకోల్ ముక్క ఒకటి వేసి చూడు. రెండూ ఒకే ప్లాస్టిక్. ఏమయిందో, ఎందుకలా అయిందో నువ్వే రాసి పంపు.