వాసన వస్తోందని డాక్టర్ చెప్పడం తప్పా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అత్తయ్యకు 60 ఏళ్లు, షుగర్ ఉంది. కిందటి నెల నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గదిలో నర్సు, తర్వాతి పేషెంట్లు ఉండగానే ఆయన “వాసన వస్తోందమ్మా, కాస్త శుభ్రంగా ఉండాలి” అనేశారు. ఇల్లు చేరేదాకా అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు. నేనే ముందుగా చెప్పి ఆయన చేత అనిపించానని ఇప్పుడు ఆవిడ నమ్మకం. రోజుకు మూడుసార్లు డెట్టాల్ వేసుకుని స్నానం చేస్తున్నారు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి కూడా రావడం లేదు. మళ్లీ ఆ డాక్టర్ మొహం చూడనంటున్నారు. మాత్రలు అయిపోవచ్చాయి. ఇలాంటి విషయాలు డాక్టర్‌కెందుకని మా వారి కోపం. నిజానికి ఆ వాసన కొన్ని నెలలుగా నాకూ తెలుస్తోంది. ఆయన అలా అనవచ్చా? నేనిప్పుడు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ విషయం ఎత్తడం డాక్టర్ బాధ్యతే. పదిమందిలో ఎత్తడం తప్పు. ఎత్తి, కారణం అడగకుండా వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు.

ఈ మాట ఆవిడకు ఇంకెవరు చెప్పగలరో ఆలోచించండి. కోడలు అంటే ఎత్తిపొడుపు అవుతుంది. కొడుక్కి తల్లితో అనడానికి నోరు రాదు. ఇరుగుపొరుగువారు కాస్త జరిగి కూర్చుంటారే తప్ప చెప్పరు. అత్తయ్యకేమో తెలియకపోయే అవకాశమే ఎక్కువ. రోజంతా ఒకే వాసనలో ఉంటే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. ఇక మిగిలింది డాక్టరే. వాసనను నిందగా కాకుండా ఒక లక్షణంగా చూడడం ఆయన చదువులో భాగం. షుగర్ ఉన్నవారి ఊపిరి మగ్గిన పండులా వాసన వేస్తూ వాంతులు, ఆయాసం ఉంటే అది ప్రాణాపాయ సూచన. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి నోట అమ్మోనియా వాసన రావచ్చు. తనకు తెలిసినదాన్ని మొహమాటంతో మింగేసే డాక్టర్ పేషెంటుకు మేలు చేయడు. మీ వారికి ఇది నచ్చజెప్పండి.

కానీ “శుభ్రంగా ఉండాలి” అన్న మాట చదివి నాకు బాధ కలిగింది. ఆవిడ శుభ్రంగా లేరని ఆయనకెవరు చెప్పారు? విశాఖ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. చెమట ఒంటిమీదే నిలిచిపోతుంది. వానాకాలంలో ఉతికిన లంగాలు రెండు రోజులకీ ఆరవు. చెమటకు తనంతట పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఊరే చెమటను చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. షుగర్ అదుపులో లేకపోతే రొమ్ముల కింద, పొట్ట మడతల్లో, గజ్జల్లో ఫంగస్ సులువుగా చేరుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలో బయటికి పంపుతాయి. అందువల్ల జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అత్తయ్య వాడేది అలాంటి మాత్రేనేమో చీటీ చూడండి. అదే అయితే, ఆ మాత్ర రాసినవారే ఇలాంటి ఇబ్బంది ఉందా అని అడిగి ఉండాలి.

ఇంకొకటి ఉంది, మన ఇళ్లలో ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోనిది. కాన్పుల తర్వాత, నెలసరి ఆగిపోయిన తర్వాత చాలామందికి దగ్గినా తుమ్మినా కాస్త మూత్రం పడిపోతుంది. బాత్రూముకు వెళ్లేలోపే తడిసిపోయేవారూ ఉన్నారు. వయసు వల్ల వచ్చిందిలే అనుకుని ఓర్చుకుంటారు, ప్రయాణాలు మానేస్తారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన మరింత పెరుగుతుంది. మీ అత్తయ్య ఇబ్బంది ఇదేనని నేననడం లేదు, ఆవిడను చూడకుండా అనలేను. కానీ ఇది నయమయ్యే సమస్య. మూత్రాన్ని ఆపుకునే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం సరిగ్గా నేర్చుకుని మూడు నెలలు చేస్తే చాలామందికి లీకు తగ్గుతుంది.

నర్సును, మిగతావారిని బయటికి పంపి, తలుపు వేసి ఆయన ఇలా అడిగి ఉండవచ్చు: “అమ్మా, నాకు కొంచెం వాసన తెలిసింది, అందుకే అడుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లకు చర్మం మడతల్లో ఇన్ఫెక్షన్ రావడం, మూత్రం ఆగకపోవడం మేము తరచూ చూస్తాం. మీకు అలాంటి ఇబ్బంది ఏమైనా ఉందా?” దీనికి పట్టేది ఒక్క నిమిషం. రద్దీ ఎక్కువ అన్న సాకు నేను ఒప్పుకోను. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి వైద్యుడికి ఓర్పు, సున్నితత్వం, గోప్యత ఉండాలని స్పష్టంగానే చెబుతోంది.

ఇక మీ సంగతి. అత్తయ్యతో మీరొక్కరే మాట్లాడండి, కొడుకు ముందు వద్దు. “డాక్టర్‌కి నేనేమీ చెప్పలేదత్తయ్యా. అందరి ముందూ ఆయన అలా అనడం నాకూ బాధగానే ఉంది” అనండి. “నీకూ వాసన తెలిసిందా?” అని ఆవిడ అడిగితే అబద్ధం ఆడకండి. తెలిసిందని, చెప్పే ధైర్యం చాలలేదని ఒప్పుకోండి. అది వినడానికి కష్టంగానే ఉంటుంది, కాని మీరు కాదంటే ఆవిడ అనుమానం ఎన్నటికీ పోదు. ఆ వెంటనే ఇది షుగర్ వల్లో, మాత్రల వల్లో కావచ్చని చెప్పండి. తప్పు తనది కాదని వినడం ఇప్పుడు ఆవిడకు చాలా అవసరం.

డెట్టాల్‌తో అన్నిసార్లు తోమడం ఆపించండి. చర్మం చిట్లి ఇన్ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. రోజుకు రెండు స్నానాలు, మడతలను మెత్తని గుడ్డతో బాగా తుడవడం, పూర్తిగా ఆరిన నూలు బట్టలు చాలు. మందుల షాపులో అడిగి దురద క్రీము తేకండి. స్టిరాయిడ్ కలిసిన క్రీములు ముందు హాయిగా అనిపించి ఫంగస్‌ను ముదరబెడతాయి.

ఈ వారంలోనే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయినా, మీకు దగ్గర్లోని ఆసుపత్రి అయినా సరే. గదిలోకి ఆవిడను ఒక్కరినే పంపి మీరు బయట కూర్చోండి. మీ ముందు చెప్పలేనివి ఉంటాయి. మూత్ర పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయమని అడగండి. అప్పటిదాకా మాత్రలు ఒక్క రోజు కూడా ఆగకూడదు. పాత చీటీతో మీ వారిని ఇవాళే తెమ్మనండి, డాక్టర్ మీద కోపం తర్వాత చూసుకోవచ్చు. ఆ డాక్టర్‌కి కూడా ఆవిడ ఎందుకు రావడం మానేశారో ఎవరో ఒకరు చెప్పాలి. మీ వారే వెళ్లి, మర్యాదగా, గదిలో ఎవరూ లేనప్పుడు చెప్పడం మంచిది.