తుపాకీ పేలకముందు

తమ్ముడూ,

నీ కౌబాయ్ స్క్రిప్టు చదివాను. గుర్రాలు, దుమ్ము, తాగే సెలూన్ బారు, నడివీధిలో ఎదురెదురుగా ఇద్దరు, అన్నీ ఉన్నాయి. మొదటి పేజీలోనే తుపాకీ పేలింది. చచ్చినవాడు ఎవరో, వాడి కోసం ఏడ్చేవాళ్ళు ఉన్నారో లేదో మాత్రం చివరిదాకా తెలియలేదు.

'హై నూన్' (1952) ఇంకోసారి చూడు. గంటన్నర కూడా ఉండదు. ఊరి పోలీసు అధికారి, అంటే మార్షల్, విల్ కేన్ ఆ రోజే పెళ్ళి చేసుకుని ఉద్యోగం వదిలేశాడు. ఇంతలో, తను జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ పన్నెండు గంటల రైలుకి దిగుతున్నాడని కబురు. రైలొచ్చేదాకా కేన్ పనల్లా సాయం చెయ్యమని ఊళ్ళో వాళ్ళని అడగడమే. శామ్ ఫుల్లర్ అనే స్నేహితుడు అతను రావడం చూసి, ఇంట్లో లేనని చెప్పమని పెళ్ళాన్ని పురమాయించి లోపల దాక్కుంటాడు. పాపం ఆవిడకి అబద్ధమాడటం చేతకాదు. కేన్‌కి అర్థమైపోతుంది, గొడవపడకుండా వెళ్ళిపోతాడు. తర్వాత ఫుల్లర్ ఆవిడ మీదే విసుక్కుంటాడు: నేను చావాలా, నువ్వు విధవరాలివి కావాలా అని. వాడు దుర్మార్గుడేం కాదు. అందుకే ఆ ఇంట్లో మనముంటే ఏం చేసేవాళ్ళమో అని మనకి టెన్షన్ మొదలవుతుంది.

ఇది రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ని ఆ రోజుల్లోనే, కమ్యూనిస్టుల వేటలో ఉన్న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారణకి పిలిచింది. తోటివాళ్ళ పేర్లు చెప్పనన్నాడు. హాలీవుడ్‌లో ఎవరూ పని ఇవ్వని బ్లాక్‌లిస్టులో పడి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. ముఖం చాటేసే స్నేహితుల గురించి ఆయనకి ఒకరు చెప్పాలా! సాయం కోసం దేబిరించే మార్షల్ ఏం మార్షలని డైరెక్టర్ హోవర్డ్ హాక్స్‌కి ఒళ్ళు మండింది. దానికి జవాబుగా 1959లో 'రియో బ్రావో' తీశాడు. అదీ గొప్ప సినిమానే. నా ఓటు మాత్రం కేన్‌కే.

జాన్ ఫోర్డ్ 'ది సెర్చర్స్' (1956)లో ఇంకో ముక్క ఉంది. హీరో ఈథన్ ప్రయాణమవుతున్నాడు. వదిన మార్తా లోపలి గదిలో అతని కోటు తీసి చేత్తో నిమురుతుంది. ముందు గదిలో నిలబడి కాఫీ తాగుతున్న రెవరెండ్ క్లేటన్ అది చూస్తాడు, చూసీ చూడనట్టు కళ్ళు తిప్పేసుకుంటాడు. ఈథన్‌కీ మార్తాకీ మధ్య ఏముందో సినిమా మొత్తంలో ఎవరూ ఒక్క మాట అనరు. నువ్వయితే అక్కడ ఒక పేజీ డైలాగు పెట్టి ఉండేవాడివి. ఆ ఈథనే రెడ్ ఇండియన్ల మీద విషం కక్కే మనిషి కూడా. ఆ ద్వేషాన్ని సినిమా పూర్తిగా కడిగేసిందని నేననను, కానీ దాచలేదు.

మనకి 1971లో కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు'తో కౌబాయ్ వచ్చాడు. టోపీ, క్లోజప్పులు, నిధి వేట అన్నీ ఇటాలియన్ వెస్టర్న్‌ల, అంటే ఇటలీ వాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాల, వైపు నుంచి వచ్చినవే. ఆ హుషారు నాకూ ఇష్టమే. నీ స్క్రిప్టులో అది బోలెడుంది కూడా.

లేనిది ఊరు. అందుకని మొదటి కాల్పులు తీసెయ్. మీ షెరీఫ్ మంగలి షాపుకి వెళ్ళే సీనుంది కదా, అక్కడ మంగలి సాయం చెయ్యనని చెప్పాలి, కానీ ఆ మాట నోటితో అనకూడదు. గడ్డం సగం గీసి ఉంది, కత్తి అతని చేతిలోనే ఉంది. అది రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ
అన్నయ్య