టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్ ఆఫీసుది, ఫొటోలు మీవి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి వెనక ఒకటే ఇబ్బంది కనిపించింది. వస్తువు మన చేతిలోనే ఉంటుంది. అందులో మనం దాచుకున్నది మాత్రం కంపెనీ సర్వర్ దగ్గరో, పాత ఫాంట్ దగ్గరో, నిండిపోయిన అకౌంట్ దగ్గరో చిక్కుకుని ఉంటుంది. దాన్ని మళ్లీ మన చేతికి తెచ్చుకునే దారులే ఈ వారం ఎక్కువగా చెబుతున్నాను.

ప్రశ్న: "వచ్చే నెలలో నా లాస్ట్ వర్కింగ్ డే. ఆరేళ్లుగా వాడుతున్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాప ఫొటోలు, హోమ్ లోన్ కాగితాలు ఉన్నాయి. నా సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ కూడా పెట్టుకున్నాను. కంపెనీవాళ్లు నా ఫోన్ మొత్తం చెరిపేయగలరా? ఒకటే టెన్షన్‌గా ఉంది." - ఒక పాఠకురాలు, బెళ్లందూరు

ముందు ల్యాప్‌టాప్ సంగతి చూద్దామండీ. పెన్‌డ్రైవ్ పెట్టి గబగబా కాపీ చేసుకోవాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. యూఎస్‌బీలోకి ఏం వెళ్తోంది, బయటి డ్రైవ్‌లకు ఏం అప్‌లోడ్ అవుతోంది అని గమనించే సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీల్లో ఉంటుంది. పాప ఫొటోలతో పాటు ఒక్క ఆఫీసు ఫైలు పొరపాటున వెళ్లినా రిలీవింగ్ లెటర్ దగ్గర చిక్కు రావచ్చు. మీ సొంత ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, తీసుకోవడానికి అనుమతి కావాలని మేనేజర్‌కీ ఐటీ టీమ్‌కీ మెయిల్ పెట్టండి. నోటిమాటగా అడగొద్దు, రాతలో ఉండాలి. చివరి రోజు దాకా ఆగకుండా ఈ వారమే అడగండి.

ఇక ఫోన్. అది ఆండ్రాయిడ్ అయితే ఆఫీసు యాప్‌ల ఐకాన్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అవి వర్క్ ప్రొఫైల్‌లో ఉన్నట్టు. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చిన ఏర్పాటు ఇది. ఒకే ఫోన్‌లో ఆఫీసు గది, ఇంటి గది వేరువేరుగా ఉంటాయి. కంపెనీ చెరిపేయగలిగేది ఆఫీసు గదినే. మీ గ్యాలరీ, మీ వాట్సాప్, మీ కాల్స్ వాళ్లకు కనపడవు. బ్రీఫ్‌కేస్ గుర్తు లేకుండా, మెయిల్ పెట్టుకునేటప్పుడు 'డివైస్ అడ్మిన్' అనుమతి అడిగి ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. ఆ పాత పద్ధతిలో ఫోన్ మొత్తం చెరిపే అధికారం కూడా ఇచ్చేసి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' అని వెతికితే ఎవరికి ఇచ్చారో తెలుస్తుంది. ముందు ఫొటోలు బ్యాకప్ చేసుకుని, ఆఫీసువాళ్లకు చెప్పి, ఆ మెయిల్ అకౌంట్ తీసేయండి.

మీరు అడగలేదు గానీ, నన్నడిగితే ఫొటోలకన్నా పెద్ద ప్రమాదం ఇంకోచోట ఉంది. ఆఫీసు మెయిల్ ఐడీతో ఎక్కడెక్కడ రిజిస్టర్ అయ్యారో గుర్తు తెచ్చుకోండి. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, పీఎఫ్, ఇన్సూరెన్స్, లింక్డ్‌ఇన్. చివరి రోజు సాయంత్రానికి ఆ మెయిల్ మూతపడుతుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ వచ్చే దారే ఉండదు. ఆఫీసు ఇచ్చిన సిమ్ నంబర్‌ను ఆధార్‌కో బ్యాంకుకో ఇచ్చి ఉంటే అది ఇంకా తలనొప్పి. ఇవన్నీ సొంత మెయిల్‌కీ సొంత నంబర్‌కీ మార్చుకున్నాకే మిగతా పనులు చూడండి. పే స్లిప్‌లు, ఫారం 16లు హెచ్ఆర్ పోర్టల్ తెరుచుకుంటున్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చే ముందు వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి దాన్ని లాగౌట్ చేయండి. క్రోమ్‌లో సొంత జీమెయిల్ వాడుతూ ఉంటే ఆ ప్రొఫైల్‌నే తొలగించండి. సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా దాంతో పాటే ఆ మెషీన్‌లోంచి పోతాయి. ఒకవేళ మర్చిపోయినా కంగారొద్దు. మీ గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో 'యువర్ డివైసెస్'కు వెళ్లి ఫోన్ నుంచే సైనౌట్ చేయొచ్చు.

ప్రశ్న: "సుల్తాన్‌పేటలో పెళ్లిపత్రికల షాపు మాది. ఇరవై ఏళ్ల తెలుగు మేటర్ అంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. ఇప్పుడు పార్టీలు మేటర్‌ను వాట్సాప్‌లో పంపమంటున్నారు. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. మళ్లీ మొత్తం టైప్ చేయాల్సిందేనా?" - ఒక డీటీపీ ఆపరేటర్

అక్కర్లేదు సార్. ఇలాంటి ప్రశ్న వస్తే కొంచెం పెద్ద జవాబే ఇవ్వాలనిపిస్తుంది. తెలుగు షాపుల హార్డ్‌డిస్కుల్లో ఇలా నిద్రపోతున్న తెలుగు ఎంతో ఉంది.

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు తెలుగు అక్షరాలు తెలియవు. అందుకని ఫాంట్ చేసినవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చారు. మీరు టైప్ చేసినప్పుడు కంప్యూటర్ దాచుకున్నది ఇంగ్లిష్ అక్షరాలనే. అను ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడిగి చూపించింది. వాట్సాప్‌లో ఆ ఫాంట్ లేదు కాబట్టి అసలు దాచింది బయటపడింది. మీ మేటర్ ఏమీ చెడిపోలేదు.

యూనికోడ్ పద్ధతి వేరు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంది. 'అ' నంబర్ 3077, 'క' నంబర్ 3093. ఏ ఫోన్‌లో తెరిచినా, ఏ ఫాంట్ వేసినా అది 'క'గానే ఉంటుంది. గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది కూడా.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీ ఫైలు ఏ వెర్షన్ ఫాంట్‌తో చేశారో చూసి కన్వర్టర్‌లో అదే ఎంచుకోండి. తేడా పడితే సగం అక్షరాలు తారుమారవుతాయి. మేటర్ మధ్యలో నిజంగా ఇంగ్లిష్‌లోనే ఉన్న మాటలు, అంటే ఫంక్షన్ హాలు పేరో, మెయిల్ ఐడీనో ఉంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు అనుకుని పాడుచేస్తుంది. వాటిని ముందే పక్కకు తీయండి. మార్చాక ప్రూఫ్ చదవడం తప్పదు. వత్తులు, అంకెలు, విరామ చిహ్నాల దగ్గర ప్రత్యేకంగా చూడండి. పెళ్లిపత్రికలో ఇంటిపేరు తప్పుపడితే ఎంత గొడవో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కొత్త పనులకు మాత్రం పేజీలు కూర్చే ఈ పాత పేజ్‌మేకర్ వదిలేయండి. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. యూనికోడ్ తెలుగు దానికి చేతకాదు. అదే పని చేసే అడోబ్ ఇన్‌డిజైన్‌కు మారితే ఒక సెట్టింగ్ గుర్తుంచుకోండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోవాలి. లేకపోతే పత్రిక పైన వేసే 'శ్రీరస్తు'లోనే శకారానికి పొల్లు, పక్కన రకారం విడివిడిగా కూర్చుంటాయి. చాలామంది ఇది చూసి యూనికోడ్‌లో తెలుగు సరిగ్గా రాదనుకుని మళ్లీ పాత ఫాంట్లకే వెళ్లిపోతున్నారు. ఆ ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు.

వత్తును అక్షరం కింద సరిగ్గా కూర్చోబెట్టడం సాఫ్ట్‌వేర్‌కు చిన్న పని కాదు మరి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లు కొన్ని ఒక్క తెలుగు 'జ్ఞా' వల్ల కుప్పకూలాయి. ఆ అక్షరం మధ్యలో కనపడని ఒక గుర్తు చేరిన మెసేజ్ వస్తే యాప్ మూతపడేది. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

ఇక ఫాంట్లు బాగుండవనే మాట కూడా వింటుంటాను. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ లాంటివి చూడండి. డబ్బు కట్టక్కర్లేదు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. టైపింగ్‌కు విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, 2019లో వచ్చింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొడితే తెలుగు పడుతుంది.

ప్రశ్న: "నాది 2016లో కొన్న ల్యాప్‌టాప్. విండోస్ 11 ఎక్కదంటోంది. షాపులో అడిగితే ఇది స్క్రాపే, కొత్తది కొనండి అన్నారు. నిజమేనా?" - ఒక డిగ్రీ విద్యార్థి, మత్తికెరె

స్క్రాప్ అనడం చాలా అన్యాయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిన మాట నిజమే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలంటారు. మీ మెషీన్ అంతకన్నా ముందుది. అంతమాత్రాన దానికి చేతకానిదేమీ లేదు. మీ నోట్స్, యూట్యూబ్, కోడింగ్ ప్రాక్టీస్‌కు అది చాలు.

ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో నమోదైతే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. దానికి విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కూడా కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ కనిపిస్తుంది. ఆ తర్వాతి సంగతికి ఇప్పటి నుంచే లినక్స్ మింట్ అలవాటు చేసుకోండి, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేయొచ్చు. మింట్ 22కు 2029 దాకా సపోర్ట్ ఉంది.

లోపల ఇంకా పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, కంప్యూటర్ షాపులుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి, దాని బదులు తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించండి. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉండటానికి అసలు కారణం చాలాసార్లు అదే. రెండు మూడు షాపుల్లో రేటు అడగండి. బిల్లు, వారంటీ తీసుకోండి. పాత డిస్క్‌ను అక్కడ వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. మీ ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి.

ప్రశ్న: "పాత సోఫా అమ్ముతామని ఆన్‌లైన్‌లో పెట్టాం. కొంటానన్నతను క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. మా ఆయన కొట్టారు. పద్దెనిమిది వేలు పోయాయి." - ఒక గృహిణి, కేఆర్ పురం

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండమ్మా. ఇది చదివే లోపే చేసి ఉంటే మంచిదే. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. ఈ డబ్బు ఒక అకౌంట్‌లో ఆగదు, వెంటవెంటనే చేతులు మారుతుంది. ఎక్కడైనా ఆపగలిగితే మొదటి గంటల్లోనే.

డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే డబ్బు ఇచ్చారనే అర్థం. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్'ను 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. ఆ దారి మూతపడినా క్యూఆర్ దారి తెరిచే ఉంది. 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, పిన్ మనమే వాడి మోసపోయినప్పుడు, బ్యాంకుకు చెప్పేంతవరకు జరిగిన నష్టం మనదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి దాచుకోవద్దని ప్రతిసారీ రాస్తుంటాను. మీ ఆయన్ని కూడా ఏమీ అనకండి. ఇది మోసగాళ్లు పనిగట్టుకుని చేస్తున్న నేరం.

ప్రశ్న: "హిందూపురంలో అమ్మ ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని రోజూ మెసేజ్. నెలనెలా గూగుల్‌కు డబ్బు కట్టాలా?" - ఒక ఉద్యోగి, ఎలక్ట్రానిక్ సిటీ

నిండింది ఫోనా, గూగుల్ అకౌంటా చూడండి. రెండూ వేరు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ కలిపి వాడుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా అందులో లెక్కే. ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌లు కూడా దాన్నే తింటున్నాయి. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు చేర్చే ఆప్షన్ ఆపేస్తే చాలా ఖాళీ అవుతుంది.

ఫోన్ నిండితే వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. 5 ఎంబీ దాటినవి వరసగా కనిపిస్తాయి. శుభోదయం వీడియోలు, భక్తి గ్రూపుల ఫార్వర్డులు తీసేయండి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి మరీ తీయండి. మీకు చెత్తగా కనిపించిన వీడియోలో చెల్లెలి సీమంతం ఉండొచ్చు.

ఒక్క జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉండగా ఫొటో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ రెండుచోట్లా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' వాడండి. ఏడాదికోసారి 'గూగుల్ టేక్‌అవుట్'తో అన్నీ దించి హార్డ్‌డిస్క్‌లో పెట్టండి. ఇది చేసుకునేవాళ్లకు నెలవారీ ప్లాన్ అక్కర్లేదు. చేసే ఓపిక లేకపోతే అన్నిటికన్నా చిన్న ప్లాన్ కట్టడం తప్పేమీ కాదు. అమ్మ ఫొటోలు పోవడం కన్నా అదే నయం.

ప్రశ్న: "వర్క్ ఫ్రం హోమ్‌లో ల్యాప్‌టాప్ రోజంతా చార్జర్‌కే ఉంటుంది. బ్యాటరీ పాడవుతుందా?" - ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

రోజంతా 100 శాతంలో, వేడిగా ఉంచితే త్వరగా అరుగుతుంది. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేసి, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టి పనిచేసుకోండి.