ఫైలు చదివాక, మనిషిని కలిసేముందు

చి. ల. సౌ. తల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ప్రొబేషన్ ఉద్యోగంలో, అంటే నేరం చేసినవాళ్లను జైల్లో పెట్టకుండా బయటే ఉంచి కనిపెట్టుకునే పనిలో చేరావనీ, నేరం చేసినవాళ్లతోపాటు బాధితులతోనూ మాట్లాడాల్సి వస్తోందనీ రాశావు. చదివిన నేరశాస్త్రం అక్కడ దేనికి పనికొస్తుందని అడిగావు. ఎదుటివాళ్లను ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. వాళ్లు ఎలాంటివాళ్లో తేల్చెయ్యడానికి మాత్రం వాడకు.

అమెరికా నేరశాస్త్రజ్ఞుడు వుల్ఫ్‌గాంగ్ బృందం లెక్క నీకు తెలిసిందే. ఫిలడెల్ఫియాలో పెరిగిన, 1945లో పుట్టిన దాదాపు పదివేల మంది మగపిల్లల రికార్డులు చూస్తే, 6 శాతం మందే సగానికి పైగా నేరాలు చేశారని 1972లో తేలింది. ఇది చదివిన కొత్త ఆఫీసరుకు ఆ కొద్దిమందినీ ముందే గుర్తుపట్టెయ్యాలని చెయ్యి దురదపెడుతుంది. కానీ అది జరిగిపోయాక వేసిన లెక్క. నీ ఎదురుగా కూర్చున్న పదిహేడేళ్ల కుర్రాడి నుదుట అదేమీ రాసి ఉండదు. పైగా వయసు పెరిగేకొద్దీ చాలామంది తమంతట తామే నేరాలు మానేస్తారు.

రిపోర్టు రాసేటప్పుడు కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆండ్రూస్, బొంటా చెప్పిన మాట పక్కన పెట్టుకో. మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువున్నవాళ్ల మీదే ఎక్కువ పని పెట్టాలి. తక్కువున్నవాణ్ణి వారానికి మూడుసార్లు పిలిపించి, కరుడుగట్టినవాళ్ల పక్కన కౌన్సెలింగ్‌లో కూర్చోబెడితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది, కొత్త స్నేహాలు అంటుకుంటాయి. వాణ్ణి నేరానికి దూరంగా ఉంచుతున్నవాటినే మనం తెంపేసినట్టు. షరతుల జాబితా పొడుగైతే రిపోర్టు గట్టిగా ఉందనుకునే పై అధికారులు ఉంటారు. వాళ్లకు నచ్చడానికి రాయకు. తాగుడు, సావాసం, పని లేకపోవడం, ఇంట్లో గొడవ: వీటిలో ఈ మనిషిని నేరం వైపు నెట్టింది ఏదో వెతుకు. మిగతావి నిజంగా కష్టాలే కావచ్చు, సాయం చెయ్యి, కానీ అవి తీరితే నేరం ఆగుతుందని రాయకు.

సాకులు చాలా వింటావు. ‘వాడే రెచ్చగొట్టాడు’, ‘వాళ్లకు బోలెడుంది, ఏం నష్టం?’, ‘స్నేహితుడి కోసం చేశాను’. అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు సైక్స్, మాట్జా 1957లోనే వీటిని వరసపెట్టి చెప్పారు. వెంటనే వాదనకు దిగకు, అన్నది అన్నట్టు రాసుకో. సాకు వెతుక్కుంటున్నాడంటే అది తప్పని వాడికీ తెలుసన్నమాట, నీకు మాట కలపడానికి దారి అక్కడే ఉంది. ఇంకో సంగతి, ఆ సాకులు మన ఆఫీసుల్లోనూ వినిపిస్తాయి. ‘ఆవిడే జాగ్రత్తగా ఉండాల్సింది’ అన్నది మన నోటినుంచి వచ్చినా సాకే.

అవకాశం దొరికి, కాపలా లేనిచోట నేరం జరుగుతుందన్న సిద్ధాంతం బాధితుల మీద ఇలాంటి నిందగా మారడం చాలా తేలిక, జాగ్రత్త. దాని అసలు ఉపయోగం చూడాలంటే ఇంగ్లండ్‌లోని కిర్క్‌హోల్ట్ కాలనీ చూడు. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే మళ్లీ పడుతున్నారని 1980లలో అక్కడ గమనించారు. ఆ ఇళ్లకే తాళాలు గట్టివి వేయించి, దొంగల కన్ను పడే, నాణేలు వేస్తే కరెంటో గ్యాసో వచ్చే మీటర్లు తీయించి, ఇరుగుపొరుగుతో ఓ కన్నేసి ఉంచమన్నారు. దొంగతనాలు బాగా తగ్గాయి. అందుకే బాధితుల్ని ‘ఎందుకు అలా చేశారు?’ అనకుండా, ‘ఇంతకుముందు ఇలా జరిగిందా? మళ్లీ జరుగుతుందని భయంగా ఉందా?’ అని అడుగు. ఆ పని నెల తర్వాత కాదు, ఆ వారంలోనే చెయ్యి. రెండోసారి ముప్పు మొదటి రోజుల్లోనే ఎక్కువ.

ఏడవని బాధితురాలు, కోపంగా అరిచే బాధితుడు, పాత కేసులున్న బాధితుడు కూడా వస్తారు. అమాయకంగా, బలహీనంగా కనిపించేవాళ్లనే లోకం బాధితులుగా ఒప్పుకుంటుందని నార్వే నేరశాస్త్రజ్ఞుడు నిల్స్ క్రిస్టీ 1986లోనే రాశాడు. నేరం చేసినవాడు తానూ దెబ్బలు తిన్నవాడై ఉండటం మామూలే, కాబట్టి ఇద్దరినీ రెండు వైపుల ప్రశ్నలూ అడుగు.

నేరం చేసినవాణ్ణీ బాధితురాలినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలన్న ఉత్సాహం వద్దు. బాధితురాలు తనంతట తాను కోరాలి, వద్దంటే కారణం అడక్కూడదు. ఇంట్లో హింస కేసయితే మరీ ఆలోచించు.

ఇద్దరితోనూ పని చేస్తున్నావు గనక రోజూ ఒక పని తప్పకు. సాయంత్రం ఫైళ్లు మూసేముందు ఒకరి చిరునామా, ఫోన్ నంబరు, కొత్త ఉద్యోగం వివరం మరొకరి కాగితాల్లోకి వెళ్లలేదని చూసుకో. వెళ్లి ఉంటే ఇంటికి బయల్దేరకముందే తీసెయ్యి.

నీ పెద్దనాన్న