ఉద్యోగం మారాలా, బడి మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చదివి, తిరుపతిలో ఒక ప్లే స్కూల్లో ఏడాదిగా నర్సరీ టీచరు. తరగతిలో 32 మంది పిల్లలు, రెండు తరగతులకు కలిపి ఒకే ఆయమ్మ. సాయంత్రానికి గొంతు పోతుంది, నడుం నొప్పి. ఆదివారం రాత్రయితే ఏడుస్తుంది. 'ఆయా పనికి ఇంత చదువెందుకు' అంటున్నారు బంధువులు. మానిపించి బీఈడీ చేయించాలా, ఆరు నెలల ఆన్‌లైన్ మాంటిస్సోరి డిప్లొమా చేయించాలా?
– ఒక తల్లి, కొర్లగుంట

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించి. మీ బెంగ మాత్రం, అమ్మాయి ఈ పనికి తట్టుకోలేదేమోనని. అది ఆమె లోపం కాదు. ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. 32 మందిని ఒంటరిగా చూస్తే ఎవరి గొంతయినా పోతుంది.

అమ్మాయిని ఒక్క మాట అడగండి: బడిలో నీళ్లు తాగుతోందా? చాలామంది టీచర్లు తాగరు. తాగితే బాత్రూంకి వెళ్లాలి, వెళ్తే పిల్లలను చూసేవాళ్లుండరు. దాంతో గొంతు ఎండుతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. అందుకే బడిలో మొదట అడగాల్సింది జీతం పెంపు కాదు, పూటకు రెండుసార్లు పది నిమిషాల పాటు ఆయమ్మ తరగతిలో కూర్చోవడం. అరిచి పిలిచే బదులు చిన్న గంటో చప్పట్లో అలవాటు చేస్తే గొంతుకు సగం పని తగ్గుతుంది. పిల్లల కుర్చీల మీదికి వంగకుండా పొట్టి స్టూలు వేసుకోవాలి. బిడ్డను ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, ఛాతీకి ఆనించుకుని లేవాలి. బొంగురు మూడు వారాలు దాటితే రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఏడుపుతో పాటు నిద్ర కూడా పట్టకపోతుంటే 14416కి ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ ఆన్‌లైన్ డిప్లొమా. దాని మీద నాకు నమ్మకం లేదు. మాంటిస్సోరి పద్ధతంటే సామగ్రిని చేత్తో పట్టి బిడ్డకు చూపించడం, తర్వాత పక్కకు జరిగి గమనించడం. ఒక్క బిడ్డ ముందు కూడా కూర్చోకుండా ఫోన్లో అదెలా వస్తుంది? బోర్డు మీద మాంటిస్సోరి అని రాసి, లోపల మూడేళ్ల పిల్లలతో ఏబీసీడీలు దిద్దించే బడులున్నాయి. మాంటిస్సోరిలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి నేర్చుకుంటారు. అలా కనబడకపోతే అక్కడున్నది బోర్డు మాత్రమే. ప్రీ స్కూల్ చదువుకు ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిర్దేశించిన డిప్లొమా రెండేళ్లది. ఎవరైనా ఆరు నెలలంటే ముందు ఎన్‌సీటీఈ గుర్తింపు చూపమనండి. అయినా ఏ సర్టిఫికెట్ వచ్చినా తరగతిలో 32 మంది 20 అవుతారా?

బీఈడీ మంచిదే, కానీ అది హైస్కూలు దారి. 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్‌జీటీ (ప్రాథమిక పాఠశాల టీచరు) పోస్టుకు బీఈడీ చెల్లదు. చిన్నపిల్లలే ఇష్టమైతే డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి డీఎల్‌ఈడీ, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ డిప్లొమా చేయాలి.

బంధువుల మాట మీరు ఉత్తరంలో రాశారంటే, అమ్మాయి చెవిన కూడా పడే ఉంటుంది. మీరు వాళ్లకు ఏం జవాబు చెప్పారో రాయలేదు. అమ్మ కోసం ఏడ్చే మూడేళ్ల బిడ్డను ఊరడించి, పాట పాడించి, టాయిలెట్ వస్తే చెప్పడం నేర్పించడం చదువుకున్న మనిషి చేసే పని. ముందు మీరది నమ్మండి. ఆమె ఇంటికొచ్చాక ఒక గంట మాట్లాడించకండి, గొంతుకు అదే మందు.

వారం పాటు వచ్చిన వేళ, వెళ్లిన వేళ, రాత్రి వాట్సాప్‌లో చేసిన పని, అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగిన గంటలు ఆమెనే రాసుకోమనండి. ఆ కాగితంతో ఆమే ప్రిన్సిపాల్‌ను కలవాలి, మీరు వెళ్లకండి. వేసవి సెలవుల్లోగా ఏమీ మారకపోతే జూన్‌కు వేరే బడి చూసుకోవచ్చు. ఇంటర్వ్యూలో 'టీచరు బయటికి వెళ్తే తరగతిలో ఎవరుంటారు?' అని అడగమనండి. సూటిగా జవాబు రాని చోట చేరనక్కర్లేదు.