కౌన్సిలింగ్‌కు వెళితే ఇంట్లో తెలుస్తుందా? – సమాధానం

హాస్టల్‌లో నెల రోజులుగా నిద్ర పట్టడం లేదనీ, ప్రార్థన మీద కూడా మనసు నిలవడం లేదనీ, మీ ఊరి పాస్టరుగారు నాన్నగారికి స్నేహితులు కనుక ఆయనకు చెప్పుకోలేకపోతున్నాననీ రాశారు.

ముందుగా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. గదిలో ఇబ్బందైతే గ్రౌండ్‌లో నడుస్తూ మాట్లాడండి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే “నెల రోజులుగా నిద్ర లేదు” అన్న ఒక్క మాట చాలు, మిగిలినది వారే అడుగుతారు.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని ఆదేశించింది కాబట్టి, మీ కాలేజీలో ఎవరున్నారో నిస్సంకోచంగా అడగవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. అయితే ప్రాణాపాయం వంటి సందర్భాలలో మినహాయింపులున్నాయి. అందువల్ల కౌన్సిలర్‌ను మొదటి రోజే “ఏవి మీ దగ్గరే ఉంటాయి, ఏవి ఇంటికి చెబుతారు?” అని అడగండి.

విశ్వాసం విషయానికి కాలేజీ ఉన్న ఊరిలోని మరో పాస్టరుగారిని కలవండి. ప్రార్థించే వారు మంచివారే. మందులు మానేయమనే వారి దగ్గరకు మాత్రం (ఎంత పేరున్నవారైనా సరే) మళ్ళీ వెళ్ళకండి.

బతకాలని లేదనిపిస్తే, ఎంత రాత్రయినా రూమ్‌మేట్‌ను లేపి 112కు ఫోన్ చేయించండి.