పడకేసిన చిన్న ఆయిల్ షేరును ఎప్పుడు వదిలేయాలి?

కెనడాలో చమురు కంపెనీల ఊరైన కాల్గరీకి కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఏడాది తిరక్కుండానే ఎవరో ఒకరు ఒక చిన్న ఆయిల్ కంపెనీ షేరు పేరు చెవిన వేస్తారు. మొన్న భోజనాల దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "రెండేళ్లుగా 18 సెంట్ల దగ్గరే పడుంది అన్నా, కొన్న రేటు వస్తే అమ్మేసి బయటపడదామనుకుంటున్నా" అని. ఆ కొన్న రేటు కోసమే నేనూ నాలుగేళ్లు కూర్చున్నాను, అందుకే ఇది రాస్తున్నా.

రేటు చూడటం మానేసి కంపెనీ మొత్తం షేర్లెన్ని, చేతిలో క్యాష్ ఎంత అన్నది చూడండి. ఇక్కడ చిన్న కంపెనీల షేర్లు నడిచే ఎక్స్ఛేంజీ టీఎస్ఎక్స్ వెంచర్‌లో ఉన్న కంపెనీల రిపోర్టులన్నీ సెడార్ ప్లస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక రాత్రి నేను మూడేళ్ల రిపోర్టులు ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి, షేర్ల సంఖ్య చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను: 6 కోట్లు, 11 కోట్లు, 19 కోట్లు. కొత్త బావి ఒక్కటీ తవ్వలేదు, కంపెనీ కొత్త షేర్లమ్మి తెచ్చిన డబ్బంతా జీతాలకీ ఆఫీసు అద్దెకీ పోయింది. రేటు కదల్లేదు కదా అని నేను నిబ్బరంగా ఉన్నాను గానీ, ఒక్కో షేరు వెనకున్న చమురు మూడో వంతుకి వచ్చేసింది. తర్వాత పది షేర్లు కలిపి ఒకటి చేశారు.

అలాగని కదలని షేరల్లా చెడ్డదని కాదు. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత యురేనియం పడిపోయి, 2016 చివర్లో పౌను 20 డాలర్ల లోపుకి వచ్చింది, 2024 జనవరికి 100 దాటింది. అలాంటప్పుడు సరుకూ క్యాషూ ఉన్న కంపెనీ దగ్గర ఓపిక పట్టడంలో అర్థముంది. మీ షేరు సరుకు ధర వల్ల ఆగిందా, కంపెనీ వల్ల ఆగిందా అన్నది తేల్చుకోండి. ఇక్కడి చమురుని పసిఫిక్ తీరానికి చేర్చే ట్రాన్స్ మౌంటెన్ రెండో పైప్‌లైన్ 2024 మేలోనే మొదలైంది, మీ కంపెనీ ఇప్పటికీ "పైప్‌లైన్లు లేక ఆగాం" అని చెప్తుంటే, చుట్టుపక్కల కంపెనీలు బావులు తవ్వుతుంటే, ఇంక ఆగక్కర్లేదు.

పాత బావులు ఎక్కువున్న కంపెనీ అయితే ఇంకా జాగ్రత్త. కంపెనీ దివాలా తీసినా ముందు బావులు మూసి నేల బాగుచేయాలి, అప్పులవాళ్ల సంగతి ఆ తర్వాతేనని 2019 జనవరిలో రెడ్‌వాటర్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. షేర్‌హోల్డర్ వంతు అప్పులవాళ్లకన్నా వెనక.

మామూలు ఖాతాలో నష్టానికి అమ్మితే దాన్ని గత మూడేళ్ల క్యాపిటల్ గెయిన్స్‌లో (షేర్ల లాంటివి అమ్మగా వచ్చిన లాభాల్లో) గానీ, ముందు ముందు వచ్చేవాటిలో గానీ తీసేసుకోవచ్చు. కానీ అమ్మడానికి 30 రోజులు ముందూ వెనకా మీరు గానీ మీ ఆవిడ గానీ అదే షేరు కొని ఉంచుకుంటే ఆ నష్టం చెల్లదు. లాభం మీద పన్ను లేని పొదుపు ఖాతా టీఎఫ్ఎస్ఏలో అయితే నష్టం అసలు లెక్కలోకే రాదు, పోయిన మేరకు ఖాతాలో డబ్బు వేసుకునే చోటూ తిరిగి రాదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఇలాంటివి అందులోనే కొంటారు, నాకు బాధంతా అక్కడే.

తమ్ముడిదీ టీఎఫ్ఎస్ఏలోనే ఉంది. రోజుకి ఐదారు వేల షేర్లు కూడా చేతులు మారవు, తన దగ్గర 40 వేలున్నాయి. సెప్టెంబర్ క్వార్టర్ రిపోర్టు నవంబర్ చివరికల్లా రావాలి. అందులో షేర్ల సంఖ్య మళ్లీ పెరిగితే మర్నాడే లిమిట్ ఆర్డర్ (ఇంతకన్నా తక్కువకి అమ్మను అని రేటు కట్టే ఆర్డర్) పెట్టి, కొంచెం కొంచెంగా అమ్మేయమన్నాను.